వయసు మీదపడ్డాక గెలిపించేది పట్టే

వంటల కార్యక్రమాలతో లోకానికి తెలిసిన ఆంథొనీ బోర్డెయిన్ యాభై ఎనిమిదో ఏట నేల మీద పట్లతో ప్రత్యర్థిని లొంగదీసే కుస్తీ విద్య బ్రెజిలియన్ జుజుట్సు మొదలుపెట్టి, 2016లో న్యూయార్క్ ఓపెన్‌లో యాభై దాటిన బ్లూ బెల్టుల (తెల్ల బెల్టు తర్వాతి స్థాయివారి) మిడిల్‌వెయిట్ విభాగంలో స్వర్ణం గెలిచారు. దాన్ని ఒక ప్రముఖుడి సరదాగా కొట్టిపారేసేవారు ఈ విద్య స్వభావాన్నే గమనించలేదని నా దృఢమైన అభిప్రాయం.

ఈ విద్యకు అంతర్జాతీయ సమాఖ్య అయిన ఐబీజేజేఎఫ్ పోటీల్లో మాస్టర్స్ విభాగాలు 30 ఏళ్లకు మొదలై 61 దాటినవారి వరకు ఉంటాయి. ఈ విభాగాల్లో పోటీదారులు తక్కువనీ, పతకం తేలికగా దక్కుతుందనీ, గాయాలు త్వరగా మానవనీ అంటారు. మొదటి రెండూ కొన్నిచోట్ల నిజమే, మూడోది అన్నిచోట్లా నిజం.

అయితే పోరు నేల మీదికి చేరాక ఏం జరుగుతుందో చూడాలి. వెల్లకిలా పడుకున్నవాడు ప్రత్యర్థి నడుము చుట్టూ కాళ్లు బిగించి, మడమలు పెనవేసి, ఒక చేత్తో కాలర్‌నూ మరో చేత్తో చొక్కా అంచునూ ఒడిసిపట్టాడంటే, పైనున్న పాతికేళ్లవాడి వేగానికి కదిలే చోటే మిగలదు. ఎదుటివాడి బరువు ఎటు ఒరుగుతోందో ఒంటితో పసిగట్టి, ఆ ఒరుగుతున్న వైపే దొర్లించి స్వీప్ చేయడం ఏళ్ల సాధనతో అబ్బే నేర్పు. రియోకు చెందిన రాబర్టో కొరెయా, అందరూ గోర్డో అని పిలిచే ఆయన, మోకాలు దెబ్బతిన్నందువల్లే హాఫ్ గార్డ్‌ను, అంటే కిందనుంచి ప్రత్యర్థి ఒక కాలిని తన రెండు కాళ్ల మధ్య బంధించే భంగిమను, ఆశ్రయించి దాన్నొక దాడి పద్ధతిగా తీర్చిదిద్దారు. కుంటుపడిన కాలు కనిపెట్టిన ఆ దారిలోనే నేటి యువ ఛాంపియన్లు నడుస్తున్నారు. 2017లో ముప్పై అయిదేళ్ల ప్రపంచ ఛాంపియన్ రోజర్ గ్రేసీ, మరో ప్రపంచ ఛాంపియన్ అయిన ఇరవై ఏడేళ్ల బుషేషాను వెనుక నుంచి కాలర్‌తో గొంతు బిగించి లొంగదీశారు. అది తొలి ఏడాది విద్యార్థులకు నేర్పే పట్టే.

కాబట్టి పెద్ద వయసులో గెలవదలచినవారు రెండు మూడు పట్లే ఎంచుకుని వాటినే అరగదీయాలి, మోచేయి విరిగేదాకా మొండికేయకుండా ముందే ట్యాప్ చేయాలి, అంటే చేత్తో తట్టి ఓటమి ఒప్పుకోవాలి. మనవాళ్లకు కష్టం ఈ రెండోదే. ఇంట్లో, ఆఫీసులో ‘గారు’ అనిపించుకునే మనిషి, కొడుకు వయసు కుర్రాడి భుజం మీద రెండుసార్లు తట్టి ఓటమి ఒప్పుకోవడానికి మనసు రాక, పిల్లల్ని అకాడమీలో దింపి బయట బెంచీ మీద కూర్చుండిపోతాడు. ఆ బెంచీకీ లోపలి చాపకూ మధ్య దూరం పదడుగులే.