పాపం, వాయించడం మానేశాడు

పోయిన ఉగాది కార్యక్రమంలో మా హాలు చివర, సౌండ్ డెస్క్ దగ్గర ఒక కుర్రాడు కూర్చున్నాడు. మొన్నమొన్నటిదాకా స్టేజీ మీద గిటార్ వాయించినవాడే. ఈసారి చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని, ఒక ఫేడర్ని, అంటే శబ్దం పెంచే తగ్గించే మీటని, వెంట్రుకవాసి కిందికి దించి, మళ్లీ ఆలోచించి కాస్త పైకి తోసి, మైకుని మింగేసేలా పాడుతున్న ఆంటీని చూసి మొహం చిట్లిస్తున్నాడు. నా పక్క కుర్చీలో పెద్దాయన అటు తిరిగి చూసి, "పాపం, మనవాడు వాయించడం మానేసినట్టున్నాడే" అన్నారు.

ఆ "పాపం" దగ్గరే నాకు పేచీ.

మనం ఉంటున్నదేమో ఐర్లండ్‌లో. ఈ దేశపు గిటారిస్టు ఒకాయన సరిగ్గా ఇదే చేశాడు. బ్యాండు పోయాక డెస్కు వెనక్కి వెళ్లి, ఇతరుల ఆల్బమ్‌లు చేసిపెట్టే రికార్డు ప్రొడ్యూసర్‌గా కూర్చున్నాడు. ఆయన పేరు గారెట్ లీ. సంగీత లోకానికి మాత్రం జాక్‌నైఫ్ లీ. జాక్‌నైఫ్ అంటే మడతకత్తి. ఇంగ్లిషు స్పెల్లింగులో ఒక 'కే' ఎగరగొట్టి మరీ ఆ పేరు పెట్టుకున్నాడు. గత ఇరవై ఏళ్లలో ఇక్కడ కారులో రేడియో పెట్టుకుని ఆఫీసుకెళ్లినవాళ్లంతా ఆయన పని విన్నవాళ్లే. పేరు తెలిసినవాళ్లు ఎంతమందో చేతులెత్తమంటే ఒక చేతి వేళ్లు చాలు.

మొదలు అందరిలాగే. 1990ల మొదట్లో లండన్‌లో కంపల్షన్ అనే నలుగురి బ్యాండులో గిటారిస్టు. గాయకుడు ఐరిష్, డ్రమ్మర్ డచ్చివాడు. వాయించేది పంక్, అంటే వేగంగా గోలగోలగా సాగే రాక్. 1994లో 'కంఫర్టర్', 1996లో 'ద ఫ్యూచర్ ఈజ్ మీడియం', ఈ రెండు ఆల్బమ్‌లతో సరి. అవి ఇంగ్లండులో బ్రిట్‌పాప్ అనే గిటార్ బ్యాండ్ల జాతర రోజులు. ఒయాసిస్ బ్యాండు గొప్పా, బ్లర్ బ్యాండు గొప్పా అన్న గొడవలో మిగతావాళ్లు ఎంత గొంతు చించుకున్నా పత్రికలకు వినపడేది కాదు. బ్యాండు విడిపోయింది.

ఇక్కడ నా సొంత గోల కొంచెం. కాకినాడలో చదువుకునే రోజుల్లో నేనొక ఆర్కెస్ట్రాలో కీబోర్డు వాయించేవాణ్ణి. వినాయక చవితి పందిళ్లే మాకు కచేరీ హాళ్లు. మాకొక మైకుసెట్టు ఆయన ఉండేవాడు. సంగీతం నేర్చుకున్నవాడు కాదు, సరిగమలు అడిగితే నవ్వేసేవాడు. ఒక రాత్రి మూడో పాట అవగానే స్టేజీ ఎక్కి నా చెవి దగ్గరకొచ్చి, "అబ్బాయ్, ఆ ఎడమచెయ్యి తీసెయ్. బేసు గిటారు కుర్రాడు ఉన్నాడుగా. ఇద్దరూ ఒకే చోట తొక్కుతున్నారు" అన్నాడు. ఒళ్లు మండిపోయింది. అంత కష్టపడి నేర్చుకున్న ఎడమచెయ్యి మరి! సరే, పెద్దవాడు చెప్పాడు కదా అని తీశాను. పాట తేటపడింది. బురద నీళ్లు ఉన్నట్టుండి తేరుకున్నట్టు, అంతవరకూ వినపడని తబలా కూడా బయటికొచ్చింది. జనం ఈలలు వేశారు. ఆ ఈలలు ఆయనవని జనానికి తెలీదు, తెలిసిన నేనూ చెప్పలేదు. పైగా ఆ రాత్రి కమిటీవాళ్లు ఆయన డబ్బుల్లోనే కోత పెట్టారు.

రికార్డు ప్రొడ్యూసర్ అంటే ఎవరని ఎవరైనా అడిగితే నేను ఇప్పటికీ ఈ ఎడమచెయ్యి కథే చెబుతాను. మనకి అసలు ఆ మాటతోనే చిక్కు. ప్రొడ్యూసర్ అనగానే మన చెవికి నిర్మాత, అంటే చెక్కు మీద సంతకం పెట్టేవాడు. రికార్డు ప్రొడ్యూసర్ చేసేది వేరు. ఈ పాటలో రెండో చరణం ఉండాలా వద్దా, డ్రమ్స్ ఎప్పుడు రావాలి, పాడిన పదిసార్లలో ఏది ఉంచాలి, గాయకుడు అలిగి బయటికెళ్లిపోతే ఎవరు వెళ్లి పిలుచుకురావాలి, ఇవన్నీ ఆయన నెత్తిన. మన సినిమాల్లో ఈ పని సంగీత దర్శకుడు, అరేంజరు, ప్రోగ్రామరు, ఇంజనీరు తలా కొంచెం పంచుకుంటారు. అందుకే దీనికి మన దగ్గర విడిగా పేరు పుట్టలేదనుకుంటా.

మనకి కథలు లేక కాదు. రాజ్-కోటి దగ్గర కీబోర్డు వాయించిన కుర్రాడు తర్వాత రెహమాన్ అయ్యాడు. మణిశర్మ దగ్గర పనిచేసిన తమన్ ఇప్పుడు పోస్టర్ మీద ఉన్నాడు. ఇవి వెనక నుంచి ముందుకొచ్చిన కథలు, మనకి భలే ఇష్టం. ముందు నుంచి వెనక్కి వెళ్లిన కథ అనేసరికి "పాపం" అంటాం.

లీ వెనక్కి వెళ్లడం ఒక్క రోజులో జరగలేదు. బ్యాండు పోయాక, ధ్వని ముక్కల్ని పట్టి మళ్లీ వాయించే శాంప్లర్లూ కంప్యూటరూ ముందేసుకుని ఒంటరిగా డాన్సు సంగీతం చేశాడు. 1999లో జాక్‌నైఫ్ లీ పేరు మీదే ఆల్బమ్ కూడా వచ్చింది. ఇతరుల పాటలకు రీమిక్సులు చేశాడు. రీమిక్సు చేసేవాడికి పాటని ముక్కలుగా పంపిస్తారు. గొంతు విడిగా, గిటార్ విడిగా, డ్రమ్స్ విడిగా. బయటికి అంత ఘనంగా వినిపించిన పాటలో ఒక్కో ముక్క ఎంత బక్కగా ఉంటుందో అప్పుడు తెలుస్తుంది. ఇంటివాళ్లు లేనప్పుడు వంటింట్లో డబ్బాలన్నీ తెరిచి చూసినట్టు. నా లెక్కలో ఆయన చదువు ఇక్కడే పూర్తయింది.

తర్వాత స్నో పెట్రోల్ వచ్చింది. ఉత్తర ఐర్లండు నుంచి స్కాట్లండులోని డండీకి చదువుకోడానికి వెళ్లిన కుర్రాళ్లు మొదలుపెట్టిన బ్యాండు. రెండు ఆల్బమ్‌లు తీసినా అమ్ముడుపోక, ఉన్న కంపెనీ వదిలేసింది. ఆ స్థితిలో వాళ్లు మూడో ఆల్బమ్ కోసం లీ దగ్గరికొచ్చారు. రాక్ ఆల్బమ్‌లు చేసినవాడిగా అప్పటికి ఆయనకీ పెద్ద పేరు లేదు. మునిగినవాణ్ణి మునిగినవాడే పట్టుకున్నట్టు. 2003లో 'ఫైనల్ స్ట్రా' వచ్చింది. అందులోని 'రన్' బ్రిటన్‌లో అయిదో స్థానం దాకా వెళ్లింది. మూడేళ్లకి 'ఐస్ ఓపెన్' వచ్చి, 2006లో బ్రిటన్‌లో అన్నిటికంటే ఎక్కువ అమ్ముడైన ఆల్బమ్ అయి కూర్చుంది.

అందులోదే 'చేజింగ్ కార్స్'. గాయకుడు గేరీ లైట్‌బాడీ ఆ పాట రాసింది ఇంగ్లండులోని కెంట్‌లో లీ ఇంటి తోటలోనే, వైను బాగా పుచ్చుకున్న రాత్రి. ప్రొడ్యూసర్ పని స్టూడియోలో మొదలవుతుందని ఎవరన్నారు, ఒక్కోసారి తోటలో కుర్చీ వేసిపెట్టడం కూడా పనే.

ఈ పాటని ఒకసారి మంచి హెడ్‌ఫోన్లతో వినండి. మొదట ఒక గిటార్, అదీ కొత్తగా నేర్చుకుంటున్నవాడు వాయించినట్టు ఒక చిన్న వరస. దాని పక్కన గొంతు. డ్రమ్స్‌కి తొందర లేదు. ఆ చిన్న వరస, దాని కింద మూడు కార్డ్స్, అంటే కలిపి మోగించే స్వరాల గుత్తులు, చివరిదాకా అవే. మారేదల్లా వాటి చుట్టూ ఉన్నది. ఒక్కొక్క గిటారే వచ్చి చేరుతుంది, పెళ్లింట్లో చుట్టాలు దిగినట్టు. చివరికొచ్చేసరికి ఇల్లు నిండిపోయి, మళ్లీ అందరూ వెళ్లిపోయి ఆ మొదటి గిటారూ గొంతూ మిగులుతాయి. లీ స్వయంగా గిటారిస్టు. గిటారిస్టుకి తన గిటార్ ఎప్పుడూ తక్కువగానే వినిపిస్తుంది, ఇది జగమెరిగిన సత్యం. అలాంటివాడు గిటార్లని అంతసేపు గుమ్మం బయట నిలబెట్టాడంటే, కంపల్షన్ రోజుల్లో అందరూ ఒకేసారి లోపలికి తోసుకొస్తే ఏమవుతుందో రుచి చూసినవాడు కాబట్టే అనుకుంటాను. 21వ శతాబ్దంలో బ్రిటిష్ రేడియోల్లో ఎక్కువసార్లు వేసిన పాట ఇదేనని 2019లో అక్కడి రాయల్టీ సంస్థ ప్రకటించింది.

ఆయన చేసిందంతా నాకు నచ్చిందని కాదు. 2004లో డబ్లిన్ బ్యాండు యూటూ వారి 'హౌ టు డిస్మాంటిల్ యాన్ అటామిక్ బాంబ్'లో ఆయన చెయ్యి ఉంది. ప్రొడ్యూసర్ల పేర్లు చదివితే పెళ్లి శుభలేఖలో ఆహ్వానించువారి జాబితాలా ఉంటుంది. దానికి గ్రామీలు వచ్చాయి, సరే. నాకు మాత్రం చాలామంది గరిటె పెట్టిన సాంబారులా అనిపిస్తుంది. ఇక చివర్లో ఆకాశానికెత్తే ఆ 'చేజింగ్ కార్స్' కిటుకుని తర్వాత పదేళ్లపాటు ప్రతి బ్యాండూ వాడి వాడి అరగదీసింది. ఆ పాపంలో కొంత వాటా లీకి కూడా ఇవ్వాలి. పాపం అనే మాట వాడదలిస్తే ఇక్కడ వాడుకోవచ్చు.

ఆయన చేసినవాటిలో నాకు అన్నిటికంటే ఇష్టమైన పని మాత్రం మన డబ్లిన్‌లోనే, డేమ్ స్ట్రీట్ మీద ఒలింపియా థియేటర్లో జరిగింది. అమెరికా బ్యాండు ఆర్.ఇ.ఎం. 2004లో ఒక ఆల్బమ్ తెచ్చింది. నిదానంగా, బరువుగా, ఎటూ కదలకుండా ఉంటుంది. అది తమకే నచ్చలేదని తర్వాత బ్యాండువాళ్లే ఒప్పుకున్నారు. తర్వాతి ఆల్బమ్‌కి ఎవరైతే బాగుంటుందంటే యూటూ గిటారిస్టు ఎడ్జ్, మన లీ పేరు చెప్పాడు. 2007 వేసవిలో ఆ బ్యాండు డబ్లిన్ వచ్చి ఒలింపియాలో అయిదు రాత్రులు వాయించింది. ఇది షో కాదు, రిహార్సల్ అని ముందే చెప్పి మరీ. స్టేడియాలు నింపిన బ్యాండు, ఇంకా రికార్డు చేయని పాటల్ని, సగం ఉడికినవాటిని, టికెట్టు కొన్న జనం ముందు పెట్టింది. గాయకుడు మైకేల్ స్టైప్ మాటలు గుర్తులేక ల్యాప్‌టాప్ చూసుకుంటూ పాడాడు. మధ్యమధ్యలో పాతికేళ్ల నాటి సొంత పాటలు కూడా.

గది తలుపులు వేసుకుని వాయిస్తే అన్నీ బాగానే ఉన్నట్టుంటాయి. ఎదురుగా జనం ఉంటే ఏ చరణం దగ్గర వాళ్లు బీరు కోసం లేస్తున్నారో కనిపించిపోతుంది. పందిట్లో వాయించినవాడికి ఇది కొత్తగా చెప్పక్కర్లేదు. మరుసటి ఏడాది వచ్చిన 'యాక్సిలరేట్'లో పదకొండు పాటలు, మొత్తం కలిపి ముప్ఫై అయిదు నిమిషాల లోపే. దాని ముందు ఆల్బమ్ దాదాపు యాభై అయిదు నిమిషాలు! ఆ ఇరవై నిమిషాల కోతలోనే నాకు ఆ మడతకత్తి కనిపిస్తుంది. ఒలింపియా రాత్రులు కూడా 2009లో ఆల్బమ్‌గా వచ్చాయి, ముప్ఫై తొమ్మిది పాటలు. తడబాట్లు తీసేయకుండా ఉంచారు, అదే దాని అందం. 2011లో లీతోనే ఇంకో ఆల్బమ్ చేసి, అదే ఏడాది ఆర్.ఇ.ఎం. తమంతట తామే విడిపోయారు.

ఆ మధ్య మన సంఘం కమిటీ మీటింగులో బడ్జెట్ కాగితం చూశాను. సౌండ్ అనే పద్దు సమోసాల కింద ఉంది. ఆ కుర్రాడు ఒక మంచి మానిటర్ స్పీకర్ కావాలని అడిగితే, "ఉన్నదాంట్లో కానిచ్చెయ్ నాన్నా" అన్నారు ఒకరు. వాడు తలూపి ఊరుకున్నాడు. బయటికొచ్చాక నాతో, "అంకుల్, స్పీకర్ లేకపోయినా పర్లేదు. ముందు రోజు రిహార్సల్‌కి పాడేవాళ్లంతా ఒక్క గంట వస్తే చాలు" అన్నాడు. ఒలింపియా సంగతి వాడికి నేను అప్పటికి ఇంకా చెప్పలేదు.

వెనక్కి వెళ్లినవాడు మళ్లీ ముందుకు రాకూడదని రూలేమీ లేదు. లీ కాలిఫోర్నియాలో స్థిరపడ్డాడు. కార్క్ నుంచి లండన్ వెళ్లి స్థిరపడిన కాహల్ కాగ్లాన్ అనే గాయకుడు ఉండేవాడు. ఒకప్పటి మైక్రోడిస్నీ, ఫాతిమా మాన్షన్స్ బ్యాండ్ల గొంతు ఆయనదే. దేశం వదిలిన ఈ ఇద్దరూ కలిసి ఒక జట్టు కట్టారు. పేరు 'తెలెఫీష్', ఐరిష్ భాషలో టెలివిజన్ అని. ఐర్లండులో ప్రభుత్వ టీవీ 1961 డిసెంబర్ 31 రాత్రి మొదలైంది. ఆ టీవీ చూస్తూ పెరిగిన దేశం మీద ఈ పాటలు. మనం దూరదర్శన్ చిత్రలహరి తలుచుకుని కళ్లు చెమర్చుకున్నట్టు ఉండవు. పుట్టిన ఊరి మీద ఎంత ప్రేముందో అంత కోపమూ ఉంది వాటిలో. పరాయి దేశంలో సంఘాలు పెట్టుకున్న మనం ఒకసారి వినాలి.

ఆల్బమ్‌లకి పేర్లు కూడా చిన్నపిల్లలు అంకెలు లెక్కపెట్టినట్టు పెట్టారు. 'అ హేన్', అంటే ఒకటి. 'అ డో', అంటే రెండు. రెండూ 2022లోనే వచ్చాయి. మొదటిది వచ్చిన కొద్ది నెలలకి, మే నెలలో, కాగ్లాన్ పోయాడు. రెండోది అక్టోబర్‌లో వచ్చింది. దాన్ని నేను చీకటి పడ్డాక వింటాను, వాల్యూమ్ తగ్గించి. సింథసైజర్లు పక్కకి జరిగి ఆ గొంతుకి చోటిస్తున్నట్టు ఉంటుంది.