పెద్దలు వినే పాట పెద్దల చేతిలోనే ఉండాలి

ఇంట్లో పెద్దవారికి కాలక్షేపం ఏమిటని అడిగితే చాలామంది హాల్లోని టీవీని చూపిస్తారు. పొద్దున్న రాశిఫలాలతో మొదలై రాత్రి సీరియళ్లతో ముగిసే ఆ టీవీ వారి కోసం నడిచేది కాదు. ఇంట్లో ఎవరు ఏది పెడితే వారూ అదే చూస్తారు. కంటి శుక్లాలతో అవస్థపడేవారికి, కాసేపు కూర్చుంటే నడుము పట్టేసేవారికి, మధ్యాహ్నం కళ్లు మూసుకుని ఒరగాలనిపించేవారికి చూడటం కంటే వినడమే సుఖం. 2011 జనాభా లెక్కల నాటికే దేశంలో 60 ఏళ్లు పైబడినవారు 10 కోట్లు దాటారు. వారు వినదగిన పాటలకు, ప్రవచనాలకు, నాటకాలకు తెలుగులో కొదవ లేదు. లేనిదల్లా ఎవరినీ బతిమాలకుండా తమంతట తాము పెట్టుకుని వినగలిగే వీలు.

ఆ వీలు ఒకప్పుడు ఉండేది. 1948 డిసెంబరు 1న ఆకాశవాణి విజయవాడ కేంద్రం మొదలైంది. ఈనాటి వృద్ధుల్లో ఎందరికో ఉదయం రేడియోలో వచ్చే భక్తిగీతాల కార్యక్రమం భక్తిరంజనితోనే తెల్లవారేది. ఆదివారం మధ్యాహ్నం ఉషశ్రీ గొంతులో రామాయణ భారతాలు వినడానికి భోజనాలు ముందే ముగించుకున్న ఇళ్లు ఎన్నో. ఆ కార్యక్రమాల నాణ్యతను అందరూ తలుచుకుంటారు గానీ, ఆ రేడియో పెట్టె వాడకంలోని సులువును తలుచుకునేవారు తక్కువ. ఒక మీట తిప్పితే పలికేది, ఇంకో మీట తిప్పితే స్టేషను మారేది. చదువు రానివారు సైతం తమకు కావలసిన స్టేషను దగ్గర అద్దం మీద బొట్టుబిళ్ల అంటించుకుని, ముల్లును అక్కడికి తెచ్చి ఆపేవారు. ఏ వేళకు ఏది వస్తుందో తెలుసు కాబట్టి రోజుకు ఒక క్రమం కూడా ఏర్పడేది.

ఇప్పుడు అదంతా సెల్‌ఫోన్లోకి చేరింది. పాత రేడియోలకు వినిపించే మీడియం వేవ్ ట్రాన్స్‌మిటర్లను, ఆకాశవాణిని నడిపే ప్రసార భారతి దశలవారీగా తగ్గిస్తూ, శ్రోతలను యాప్‌లోకి రమ్మంటోంది. అమెరికాలో పిల్లల దగ్గర కొన్ని నెలలు ఉండి వచ్చే తల్లిదండ్రులకు అక్కడా విజయవాడ, హైదరాబాద్ కేంద్రాలు వినబడటం ఆ యాప్ చలవే, కాదనను. అయితే వయసు మళ్లినవారి వేళ్ల చర్మం పొడిబారి ఉంటుంది. తాకుడు తెర దాన్ని చాలాసార్లు గుర్తించదు. గట్టిగా అదిమితే ఇంకేదో తెరుచుకుంటుంది. ప్రవచనం మధ్యలో ఒక్కసారిగా ప్రకటన హోరెత్తిస్తుంది. దాన్ని దాటవేసే మీట మూలన, చిన్న అక్షరాల్లో ఉంటుంది. మనవడిని పిలవాలి. ఒకసారి పిలుస్తారు, రెండోసారీ పిలుస్తారు, మూడోసారి వినడమే మానేస్తారు. పెద్దలకు సాంకేతికత మీద ఆసక్తి లేదని మనం తేల్చేసేది ఇక్కడే, అది సరికాదు. వారికి లేనిది ఆసక్తి కాదు, పదే పదే సాయం అడగడానికి మనసు రాదు, అంతే.

ఎఫ్‌ఎం సదుపాయం ఉన్న ఫోన్లలో దాన్ని పనిచేసేలా ఉంచాలని 2023లో కేంద్ర ప్రభుత్వం తయారీదారులకు సూచించింది. మంచి సూచనే, కాకపోతే అది ఆదేశం కాదు. వ్యాపారులు మాత్రం ఈ అవసరాన్ని ముందే కనిపెట్టారు: వేల పాత పాటలు నింపి, పాత రేడియో ఆకారంలో మీటలు పెట్టిన సరేగమ కార్వాన్ 2017లో వచ్చింది, తర్వాత దాని తెలుగు పెట్టె కూడా వచ్చింది. మీట నొక్కితే పాట రావడం ఎంత పెద్ద సౌకర్యమో పెద్దవారున్న ఇళ్లకు తెలుసు.

మీట సమస్య తీరినా చెవి సమస్య మిగులుతుంది. 60 దాటినవారిలో నాలుగో వంతుకు పైగా దైనందిన జీవితానికి అడ్డుపడేంత వినికిడి లోపంతో ఉన్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. వయసుతో వచ్చే ఈ లోపం ముందుగా సన్నని, పై స్థాయి ధ్వనులను మింగేస్తుంది. అచ్చులు వినిపిస్తాయి, స, శ, త, ప వంటి హల్లులు జారిపోతాయి. అందుకే ‘మాట వినబడుతోంది, ఏమంటున్నారో తెలియడం లేదు’ అని పెద్దలు అంటారు. మనం శబ్దం పెంచుతాం. దానితో స్పష్టత రాదు, చెవికి చిరాకు మాత్రం వస్తుంది. నేపథ్య సంగీతం మీద సంభాషణలు పరుగెత్తే సీరియల్ కంటే ఒకే గొంతులో నిదానంగా సాగే హరికథ, పురాణ పఠనం, రేడియో ప్రసంగం వారికి హాయిగా ఉండటానికి కారణం ఇదే. స్పీకరును గది ఆ చివర కాకుండా మంచం పక్కన పెట్టి, మంద్ర ధ్వనులను (బేస్) తగ్గించి సన్నని ధ్వనులను పెంచితే, మొత్తం శబ్దం పెంచకుండానే మాట తేటపడుతుంది. అలా చేసినా తెలియకపోతే చెవి పరీక్ష చేయించాలి. అల్పాదాయ వృద్ధులకు రాష్ట్రీయ వయోశ్రీ యోజన కింద వినికిడి యంత్రాలు ఉచితంగా ఇస్తున్నారు. మతిమరుపు వ్యాధికి దారితీసే, నివారించుకోదగిన కారణాల్లో వినికిడి లోపాన్నీ ఒంటరితనాన్నీ వైద్య పత్రిక ల్యాన్సెట్ కమిషన్ 2024 నివేదిక చేర్చిందంటే ఇది ఒక్క కాలక్షేపానికి సంబంధించిన విషయం కాదని అర్థమవుతుంది.

నిద్ర పట్టని రాత్రుల సంగతీ ఇందులోదే. ఒంటిని సడలించేందుకు ఒక్కో కండరాన్నీ బిగించి వదిలే పద్ధతిని అమెరికా వైద్యుడు ఎడ్మండ్ జేకబ్సన్ గత శతాబ్దపు తొలి దశాబ్దాల్లో రూపొందించారు. కీళ్లనొప్పులున్నవారు బిగించడం మానేసి, వదలడం మీదనే దృష్టి పెట్టవచ్చు. దీన్ని చదివి చేయడం కష్టం, ఒక గొంతు చెబుతుంటే సులువు. ఇంటివాళ్లే తమ గొంతుతో పది నిమిషాలు రికార్డు చేసి ఇవ్వవచ్చు. వినిపించే పెట్టె మాత్రం కాసేపటికి దానంతట అదే ఆగిపోయేది అయి ఉండాలి.

ఆకాశవాణి దగ్గర దశాబ్దాల నాటకాలు, సంగీత రూపకాలు, ప్రసంగాలు ఉన్నాయి. వాటిని యాప్‌కే పరిమితం చేయకుండా, పెద్ద మీటల చిన్న పెట్టెల్లో నింపి తక్కువ ధరకు ఇవ్వడం ప్రజా ప్రసార సంస్థకు తగిన పని. రాష్ట్ర ప్రభుత్వాలు అలాంటి పెట్టెలను హాల్లో ఒకే టీవీతో సరిపెట్టుకుంటున్న వృద్ధాశ్రమాలకు, మంచానికొకటి చొప్పున, ముందుగా అందించాలి.