దాహం లేని మొక్కకు దానకర్ణులు

మొక్కకు నీళ్లు పోయడం మొక్క కోసమేనన్న అపోహ సమాజంలో బలంగా నాటుకుపోయింది. నిజానికి అది పోసేవారి మనశ్శాంతి కోసం. తెల్లవారగానే చెంబు చేతికి రావాలి, కుండీ అంచుదాకా నీళ్లు నిలవాలి, ఒక ప్రాణిని కాపాడామన్న తృప్తితో ఇంట్లోకి వెళ్లాలి. ముందుగా మట్టిలో వేలు గుచ్చి తడి ఉందో లేదో చూడమని కొందరు సలహా ఇస్తారు కానీ, భోజనానికి పిలిచిన అతిథి పొట్ట తడిమి చూడటం ఎంత అమర్యాదో ఇదీ అంతే.

ఈ సత్కార్యానికి అడ్డు తగిలేది ఒకే వర్గం, మట్టిలోని బ్యాక్టీరియా. ఒక గ్రాము సారవంతమైన మట్టిలో ఇవి కోట్ల సంఖ్యలో కాపురముంటాయి. కంటికి కనిపించవు, అయినా వంటగది మొత్తం వాటి చేతుల్లోనే ఉంది. మనం వేసిన ఎండుటాకులనో పశువుల ఎరువునో మొక్క నేరుగా తినలేదు. అందులోని నత్రజనిని కొన్ని సూక్ష్మజీవులు అమ్మోనియంగా విడగొట్టాలి, దాన్ని నైట్రోసోమోనాస్ వంటివి నైట్రైట్‌గా, ఆ నైట్రైట్‌ను నైట్రోబ్యాక్టర్ వంటివి నైట్రేట్‌గా మార్చాలి, అప్పుడుగానీ చాలా మొక్కలు కోరుకునే వడ్డన సిద్ధం కాదు. ఈ వంటవాళ్లను 1890 ప్రాంతంలో సెర్గీ వినోగ్రాడ్‌స్కీ అనే రష్యన్ శాస్త్రవేత్త విడిగా పట్టి చూపించాడు. పట్టుకున్నవాడు వాటి దురలవాటు కూడా మాన్పించి ఉంటే బాగుండేది. రెండు జట్లకూ ఆక్సిజన్ కావాలి.

ఆక్సిజనేమో గాలిలోకంటే నీటిలో సుమారు 10,000 రెట్లు నెమ్మదిగా వ్యాపిస్తుంది. మట్టి రంధ్రాల్లో ఇంచుమించు 60 శాతం నీరు, మిగతాది గాలి ఉన్నప్పుడు ఈ జీవులు చురుగ్గా పనిచేస్తాయట. అంత చోటును ఖాళీగా వదిలేయడమా? చెంబు పట్టిన చేతికి అంతకంటే అవమానం ఉంటుందా? కాబట్టి అదీ నింపేస్తాం. నింపగానే పాత వంటవాళ్లు సొమ్మసిల్లుతారు, కొత్త జట్టు గరిటె అందుకుంటుంది. వీళ్లు గాలి లేకపోయినా బతకగలరు; వండి ఉంచిన నైట్రేట్‌లోని ఆక్సిజన్‌నే ఊపిరికి వాడుకుని, నత్రజనిని వాయువుగా ఆకాశానికి వదిలేస్తారు.

మన ఔదార్యం బయటపడేది ఇక్కడే. గాలిలోని నత్రజనిని 400 డిగ్రీలకు పైబడిన వేడిలో, వాతావరణ పీడనానికి వంద రెట్లు మించిన ఒత్తిడిలో అమ్మోనియాగా మార్చి, దాన్నుంచి యూరియా చేసి, బస్తాలకెత్తి, మనచేత కొనిపించాక, మనం ఒక్క చెంబుతో దాన్ని మళ్లీ గాలికే అప్పగిస్తున్నాం. తీసుకున్నచోటే తిరిగి ఇచ్చేయడాన్ని నిజాయితీ అంటారు. అందులో కొంత నైట్రస్ ఆక్సైడ్‌గా వెళ్లి, వందేళ్ల లెక్కన కార్బన్ డయాక్సైడ్ కంటే సుమారు 270 రెట్లు భూమిని వేడెక్కిస్తుందంటే, అది మన ఆత్మీయతలోని వెచ్చదనమే. పైకి పోనిది కిందికి పోతుంది. నైట్రేట్‌కూ బంకమట్టి రేణువులకూ ఉన్నది ఒకే ఋణావేశం కనుక అవి ఒకదాన్నొకటి అంటిపెట్టుకోవు, నైట్రేట్ నీటి వెంట అడుగు రంధ్రం గుండా జారిపోతుంది. కుండీ కింద పళ్లెంలో నిలిచిన కషాయం రంగు నీళ్లలో కనబడకుండా కలిసి ఉన్నది మన ఎరువు ఖర్చు.

నా కుండీ సంగతే చెబుతాను. మొదట కింది ఆకులు పసుపెక్కాయి. నత్రజని చాలనప్పుడు మొక్క ముదురాకుల్లోది లాగి లేతాకులకు పంపుతుందని, అందుకే కింది వరస ముందు పాలిపోతుందని చదివాను కానీ, చదివినవన్నీ నమ్మితే పనులు సాగవు. దాహమేనని తేల్చి రోజుకు రెండు చెంబులు చేశాను. పసుపు పై వరసకు ఎక్కింది. గుప్పెడు ఎరువు చల్లి మూడో చెంబు పోశాను. మొక్క వాలిపోయింది, వాలిన మొక్కకు నీళ్లే కదా మందు! చివరికి కుండీ బోర్లించి వేరు పట్టుకుంటే పైతోలు వేలికి ఊడి వచ్చింది, కుళ్లిన కోడిగుడ్డు వాసన గుప్పుమంది. గాలి అసలే అందనిచోట సల్ఫేట్‌తో ఊపిరి తీసుకునే బ్యాక్టీరియా వదిలే హైడ్రోజన్ సల్ఫైడ్ అది. ఊపిరాడని వేరుకు పోషకం పక్కనే ఉన్నా లాక్కునే శక్తి ఉండదట. నిలవ నీటిలో ఇనుము కరిగి, దానికి అతుక్కున్న భాస్వరం విడుదలవుతుందనీ, వరి అందులోనే హాయిగా పెరుగుతుందనీ నా తరఫున వాదించవచ్చు. కానీ వరికి వేర్లదాకా గాలిని చేరవేసే దారులు ఒంట్లోనే ఉన్నాయి. నా మొక్కకు ఆ ముందుచూపు లేకపోతే తప్పు నాదా?

నన్ను మరింత బాధించేది మతిమరుపు మనుషుల వైభవం. మట్టి ఎండితే నీటి పొరలు తెగి బ్యాక్టీరియా కదల్లేదు, భాస్వరం వేరు దగ్గరికి రాలేదు. న్యాయంగా ఆ మొక్క చావాలి. తీరా వాళ్లకు గుర్తొచ్చి తడిపిన రోజున, కరువుకు తట్టుకోవడానికి ఒంట్లో కరిగే పదార్థాలు కూడబెట్టుకున్న సూక్ష్మజీవుల్లో కొన్ని నీరు చొరబడి పగిలిపోతాయి, మిగిలినవాటికి విందవుతాయి, నత్రజని ఒక్కసారిగా విడుదలవుతుంది. 1958లో బర్చ్ అనే శాస్త్రవేత్త వివరించడం వల్ల దీనికి బర్చ్ ప్రభావమని పేరు. పదేపదే ఇలా జరిగితే మట్టిలోని సేంద్రియ పదార్థం తరిగిపోతుందన్నదొక్కటే నాకు మిగిలిన ఊరట.

నా కుండీలో ఇప్పుడు మొక్క లేదు. మట్టిని ఆరబెట్టి తిరిగి నింపాను. పొద్దుటి చెంబు మాత్రం మానలేదు. పదిహేను రోజులైంది, ఒక్క ఆకూ పసుపెక్కలేదు.