స్ట్రెంత్ 90, క్వాలిటీ సున్నా

మహారాజశ్రీ దూరదర్శన్ గారి సముఖమునకు, డాబాల మీద డిష్షులు తిప్పేవాళ్లం రాసుకునే విన్నపం.

ఉభయకుశలోపరి. మా వైపు కుశలమే. మీ కుశలం మాత్రం మీటరు పెట్టి చూస్తే గానీ చెప్పలేం.

మీ డీటీహెచ్ సేవ ఫ్రీ డిష్ బాక్సులో ఇన్‌స్టలేషన్ మెనూ తెరిస్తే రెండు గీతలు కనిపిస్తాయి. పైది స్ట్రెంత్, కిందిది క్వాలిటీ. పైగీత నిండిందంటే ఎల్‌ఎన్‌బీకి, అంటే డిష్షు ముందుండి సిగ్నల్ పట్టే పరికరానికి, కరెంటు అందుతోంది, వైరు తెగలేదు, అంతవరకే. డిష్షును ఎదురింటి గోడకేసి తిప్పినా అది హాయిగా 90 చూపిస్తుంది. బొమ్మ వచ్చేది కిందిగీత లేస్తేనే. పనిలోకి కొత్తగా వచ్చిన కుర్రాడికి మొదటి రోజే చెప్పే మాట ఇది: పైగీత చూసి మెట్లు దిగొచ్చేయకు.

మీ విదేశీ ప్రసారాల ఛానెల్ డీడీ ఇండియా 190కి పైగా దేశాల్లో అందుబాటులో ఉందని ప్రకటన వచ్చినప్పుడల్లా మాకా పైగీతే గుర్తొస్తుంది.

ఆ బిడ్డకు బారసాలలు మూడు చేశారు. 1995లో డీడీ ఇంటర్నేషనల్, తర్వాత డీడీ వరల్డ్, ఆ తర్వాత డీడీ ఇండియా. 2019లో ఇంగ్లీషు బళ్లో వేశారు. అదే ఏడు కొరియా వాళ్లతో ఇచ్చిపుచ్చుకోవడాలు జరిగాయి: వాళ్ల కేబీఎస్ వరల్డ్ ఛానెల్ మా డాబాల మీది ఫ్రీ డిష్‌లోకి, మీరు వాళ్ల ఇంటర్నెట్ వేదిక మీదికి. ఇస్తినమ్మ వాయనం, పుచ్చుకుంటినమ్మ వాయనం. 2022లో అమెరికా, బ్రిటన్, గల్ఫ్, ఆస్ట్రేలియా ఇళ్లకు చేరడానికి ఇంటర్నెట్ టీవీ సంస్థ యప్‌టీవీతో ఒప్పందం చేసుకున్నారు. అంటే డాలస్‌లో మీ చెయ్యి పట్టుకుని గుమ్మం ఎక్కించింది హైదరాబాదు వాళ్లే. సంతోషం. ఎక్కాక మీరు ఇంగ్లీషు మొదలెడతారు. ఆ ఇంట్లో ఇంగ్లీషుకేం కరువు? కొడుకు వస్తే తప్ప మాట్లాడే దిక్కులేక సోఫాలో కూర్చున్న అమ్మమ్మకు ఆ గీత ఎప్పుడు లేవాలి?

ఇక ఇంటి సంగతి. మీ జీశాట్-15 ఉపగ్రహం ఉన్నది 93.5 డిగ్రీల తూర్పు రేఖాంశం పైన. హైదరాబాదులో దిక్సూచి పెట్టి ఉత్తరం నుంచి కుడివైపు 138 డిగ్రీలు తిరగాలి, ఆకాశం వైపు ఎత్తు 63 డిగ్రీలు. విశాఖలో అయితే 149, 66. వాస్తు తెలిసిన ఊళ్లలో ఇంకా సులువు, వంటిల్లు ఉండాల్సిన మూలకేసి తిప్పమంటే చాలు. హైదరాబాదులో ఎల్‌ఎన్‌బీని దాని బిగింపులో దాదాపు 40 డిగ్రీలు మెలిపెట్టాలి. మెనూలో ఎల్‌ఎన్‌బీ ఫ్రీక్వెన్సీలు లో బ్యాండ్ 9750, హై బ్యాండ్ 10600 ఉన్నాయో లేదో చూసుకోవాలి, అవి తప్పైతే రోజంతా డిష్షు తిప్పినా లాభం లేదు. 60 సెంటీమీటర్ల డిష్షు అంచు వేలెడు పక్కకు జరిగితే 95 డిగ్రీల దగ్గరున్న వేరే డీటీహెచ్ వాళ్ల ఉపగ్రహం తగులుకుంటుంది. అప్పుడు కిందిగీత కూడా లేచి కూర్చుంటుంది, స్కాన్ చేస్తే మాత్రం అన్నీ పరాయి పేర్లే, అన్నిటికీ తాళాలే. కిందిగీతను కూడా గుడ్డిగా నమ్మకూడదని అక్కడ తెలుస్తుంది.

వానాకాలంలో బొమ్మ గడులు గడులుగా విడిపోతే అందులో మీ తప్పు లేదు. ఆ తరంగాలను జోరువాన మింగేస్తుంది, పావుగంటలో తేరుకుంటుంది. వాన వెలిసినా తేరుకోలేదంటే వైరు కొసన బిగించే ఎఫ్ కనెక్టర్‌లోకి నీళ్లు దిగాయన్నమాట. విప్పి చూస్తే రాగితీగ పచ్చబడి ఉంటుంది. జానెడు కోసేసి కొత్త కనెక్టర్ బిగించి, టేపు చుట్టి, ఎల్‌ఎన్‌బీ కింద వైరును ఉయ్యాలలా ఒక వంపు వేలాడదీస్తే నీటిచుక్క అక్కడే రాలిపోతుంది. ఇవన్నీ మేం చూసుకుంటాం. బొమ్మను కుదించే పాత పద్ధతి ఎంపెగ్-2 బాక్సు పెట్టుకున్నవాళ్లకు కొత్త పద్ధతి ఎంపెగ్-4లో వచ్చే ఛానెళ్లు ఎందుకు కనపడవో ఇంటింటికీ విడమరిచి చెప్పే పనీ మాకే వదిలేశారు, అదీ సరే.

మా చేతిలో లేనిది మీ కాపురం. నెలనెలా చందా లేని ఇంత పెద్ద లోగిలి కట్టారు, 2004 నుంచి. గదులకు, అంటే ఛానెల్ స్థానాలకు, వేలం పెట్టారు. ప్రైవేటు ఛానెళ్లు అద్దెకు దిగి, మీ డాబా మీద ఎండబెట్టుకున్న వడియాలను ప్రకటనల బజారులో అమ్ముకున్నాయి. 2022 ఏప్రిల్ 1న నాలుగు పెద్ద సంస్థలు తమ హిందీ వినోద ఛానెళ్లను ఒకేసారి ఖాళీ చేయించుకుపోతే జనం బాక్సును తట్టి, రిమోటును కొట్టి, చివరికి మాకు ఫోన్లు చేశారు. ఇంటి ఓనరు ఛానెల్ ఏ నంబరులో ఉందని ఒక్కరూ అడగలేదు. మెట్ల కింద సామాన్ల గదిలో ఓనరు కాపురముంటే ఎవరు అడుగుతారు చెప్పండి?

రాష్ట్రం విడిపోయాక తెలుగువాళ్లకు రెండు కొండలు పంచారు: సప్తగిరి ఆంధ్రకు, యాదగిరి తెలంగాణకు. దేవుళ్ల దగ్గర వాటా తేలింది, ప్రేక్షకుల దగ్గర తేలాలి.

క్రికెట్ సంగతి వేరే పురాణం. 2007 చట్టం ప్రకారం జాతీయ ప్రాధాన్యమున్న మ్యాచ్‌లను హక్కులు కొన్నవాళ్లు మీతో పంచుకోవాలి. టీవీ ప్రకటనల రాబడిలో రూపాయికి ముప్పావలా వాళ్లకు, పావలా మీకు. ఇంకో చట్టం ప్రకారం కేబులాయన మీ ఛానెళ్లు చూపించి తీరాలి. 2017లో సుప్రీంకోర్టు ఈ రెంటినీ కలపకూడదంది: మ్యాచ్ మీ టవర్లకూ ఫ్రీ డిష్‌కూ మాత్రమే, ప్రైవేటు కేబుల్లో పారించకూడదు. తీర్పులో న్యాయం ఉంది, కోట్లు పోసి కొన్నవాళ్ల గోడు అది. కానీ డబ్బు కట్టే కేబుల్ ఇంట్లో మీరు కనిపిస్తారు, మ్యాచ్ కనిపించదు. పైసా కట్టని పక్కింటి డిష్‌లో మ్యాచ్ ఆడుతుంది. ఇది వివరించబోయి మేం తిన్న తిట్లు మీ ఖాతాలో రాసుకోండి.

మీకు కిందిగీత లేవదని కాదు. 2020 మార్చి 28న, జనం ఇళ్లలో బందీలైన వేళ, 33 ఏళ్ల నాటి రామాయణాన్ని మళ్లీ వేశారు. ఆ వారాల్లో దేశంలో అందరికంటే ఎక్కువమంది చూసింది మిమ్మల్నే. అదే ఉపగ్రహం, అవే డిష్షులు, అదే డబ్బా.

అంతకన్నా పాతది ఇంకొకటి మీ అటకమీదే ఉంది. 1975 ఆగస్టు నుంచి ఏడాది పాటు, అమెరికా నుంచి అరువు తెచ్చుకున్న ఏటీఎస్-6 ఉపగ్రహంతో ఆరు రాష్ట్రాల్లో 2400 పల్లెలకు బొమ్మ పంపారు, అందులో మన తెలుగు పల్లెలూ ఉన్నాయి. కోళ్లగూటి వల బిగించిన మూడు మీటర్ల గొడుగులు. బొమ్మ ఒక్కటే, దాని వెంట రెండు భాషల ఆడియోలు. అరువు ఉపగ్రహం మీద అది కుదిరింది. ఇవాళ ఒక హెచ్‌డీ బొమ్మకు సెకనుకు కొన్ని మెగాబిట్లు పోస్తున్నారు. ఇంకో భాష గొంతు కలపాలంటే 128 కిలోబిట్లు చాలు, పులుసులో చిటికెడు ఇంగువంత. డీడీ ఇండియా వార్తకు వెనకే తెలుగు గొంతు, తమిళ గొంతు, బెంగాలీ గొంతు ఎక్కించండి. బాక్సు రిమోటులో ఆడియో అని ఒక బటన్ ఉంటుంది, దాని మీద దుమ్ము మేం తుడిచి పెడతాం.

ఇట్లు,
డాబా మీద డిష్షు పట్టుకుని "వచ్చిందా?" అని కిందికి కేకేసేవాళ్లు

తా.క. గదులు మార్చినప్పుడల్లా ఆటో స్కాన్ చేసుకోమని తెర మీద తెలుగులో ఒక్క ముక్క వేయండి. "అంతరాయానికి చింతిస్తున్నాము" అని అంత అందంగా రాయించిన చెయ్యి మీ దగ్గరే ఉండేది.