వేలు ఆనిస్తే గాని తెలియని కంగారు

తాను కంగారుగా ఉన్నాడో లేదో మనిషి తనంతట తానే తేల్చుకునే అనాగరిక కాలం ఎట్టకేలకు ముగిసింది. ఆ భారాన్ని ఇప్పుడు స్మార్ట్‌ఫోన్‌లోని ఒత్తిడి కొలిచే యాప్ నెత్తిన వేసుకుంది. వెలుగుతున్న ఫ్లాష్ పక్కన కెమెరాకు వేలు ఆనించి ఉంచితే, గుండె కొట్టుకున్నప్పుడల్లా వేలికొసకు చేరే నెత్తురు ఆ వెలుగును కాస్త ఎక్కువగా పీల్చుకుంటుంది, ఆ ఎరుపులోని హెచ్చుతగ్గులను బట్టి ఫోను నాడి లెక్కిస్తుంది. ఇంతవరకు వేళాకోళానికి తావు లేదు.

చిక్కంతా ఆ తరువాతే. ఊపిరి పీల్చినప్పుడు గుండె కొంచెం వేగం పుంజుకొని, వదిలినప్పుడు నెమ్మదిస్తుంది. ఒత్తిడిలో ఈ తేడాలు సాధారణంగా తగ్గుతాయి, వాటిని బట్టే యాప్ ఒత్తిడిని లెక్కగడుతుంది. అవి మిల్లీసెకన్ల లెక్క కాగా, సెకనుకు 30 చిత్రాలు తీసే కెమెరా ఒక్కో చిత్రానికి నడుమ 33 మిల్లీసెకన్లు కళ్లు మూసుకుంటుంది. ఆ చీకట్లో జరిగినదాన్ని యాప్ అంచనా వేసుకుంటుంది. ఈ తేడాల స్వల్పకాలిక కొలతకు 5 నిమిషాలు కావాలని హృద్రోగ నిపుణులు 1996లోనే ప్రమాణం రాసుకున్నారు గాని, పాపం, వారికి మనంత తొందర లేదు.

మెట్లెక్కి వచ్చినవాడి గుండె, జ్వరం తగిలినవాడి గుండె, అప్పులవాణ్ణి దూరం నుంచి చూసినవాడి గుండె ఒకేలా దడదడలాడతాయి. నాడికి కారణం చెప్పే అలవాటు లేదు.

నా మొదటి పరీక్షలో వేలు గట్టిగా నొక్కానని ఫోను మందలించింది. రెండోసారి వేలు చల్లగా ఉందో ఏమో, సంకేతం అందలేదంది. మూడోసారి సగంలో ఉండగా పై అధికారి ఫోన్ చేశారు. నాలుగోసారికి ఒత్తిడి ‘అధికం’ అని తేలింది, అందులో ఆ యంత్రం వాటా ఎంతో మాత్రం విడగొట్టి చూపలేదు.

అయితే ఈ పరీక్షలోనూ కాపీ కొట్టే వీలుంది. నిమిషానికి ఆరుసార్లు మాత్రమే, నిదానంగా ఊపిరి తీస్తే ఆ తేడాలు పెరిగి మార్కులు వాటంతటవే వస్తాయి. నిన్న రాత్రి అలాగే ‘ప్రశాంతం’ అని పచ్చరంగులో ధ్రువపత్రం సంపాదించి, మా ఆవిడకు గర్వంగా చూపించాను. ఆవిడ ఫోను వైపు ఒకసారి, బల్ల కిందికి ఒకసారి చూసి, “మరి ఆ కాలు ఎందుకు ఊపుతున్నారు?” అంది.