నాలుగొందల ఏళ్ల నాటి బొమ్మకి కాపీరైట్ ఎక్కడిది?

రెంబ్రాంట్ 1669లో పోయాడు. ఆయనకీ ఆయన కాలం చిత్రకారులకీ ఉండాల్సిన కాపీరైట్ ఏదీ ఇప్పుడు మిగిలి లేదు. మన దేశంలో ఈ హక్కు కళాకారుడు పోయాక 60 ఏళ్లు, యూరప్‌లో 70 ఏళ్లు. అయినా చాలా మ్యూజియంల వెబ్‌సైట్లలో అంత పాత బొమ్మల కింద కూడా కాపీరైట్ గుర్తూ, పక్కనే మ్యూజియం పేరూ కనిపిస్తాయి. పుస్తకం అట్ట మీద వేసుకుంటామంటే ఫారం నింపాలి, ఫీజు కట్టాలి. బొమ్మ వేసినవాడి హక్కు తీరిపోయాక ఈ కొత్త హక్కు ఎక్కడి నుంచి ఊడిపడింది?

మ్యూజియంలు చెప్పేదేమిటంటే, హక్కు బొమ్మ మీద కాదట, ఆ బొమ్మకి తాము తీయించిన ఫొటో మీదట. వినడానికి సబబుగానే ఉంటుంది. ఆ ఫొటో ఎలా తీస్తారో చూస్తే మాత్రం వాదన నిలబడదు. కెమెరాని చిత్రానికి సరిగ్గా సమాంతరంగా బిగిస్తారు. రెండు పక్కలా 45 డిగ్రీల కోణంలో లైట్లు పెడతారు. వార్నిష్ మీద వెలుగు తళుక్కుమనకుండా లైట్లకీ లెన్సుకీ పోలరైజింగ్ ఫిల్టర్లు తగిలిస్తారు. అంచున రంగుల పట్టీ ఒకటి ఉంచి, తర్వాత కంప్యూటర్లో దానితో పోల్చుకుంటూ ఒక్కో రంగూ సరిచేస్తారు. ఓర్పూ, పనితనమూ కావాల్సిన పనే. కానీ ఆ పనితనమంతా ఫొటోగ్రాఫర్ ముద్ర ఎక్కడా పడకుండా చూడటానికే. ఎంత బాగా తీస్తే అందులో అతని సొంతం అంత తక్కువ. పడ్డ కష్టానికి కూలి ఇవ్వాల్సిందే, ఇస్తున్నారు కూడా. కాపీరైట్ మాత్రం సొంతంగా సృష్టించినదానికే దక్కుతుంది.

న్యూయార్క్ ఫెడరల్ కోర్టు 1999లోనే బ్రిడ్జ్‌మన్ వర్సెస్ కోరెల్ కేసులో ఈ మాట చెప్పింది: కాపీరైట్ తీరిన చిత్రానికి ఉన్నదున్నట్టు తీసిన ఫొటోకి కొత్త కాపీరైట్ రాదు. యూరప్ అక్కడికి చేరడానికి ఇరవై ఏళ్లు పట్టింది. ఇలాంటి ఫొటోల కేసులో జర్మనీ అత్యున్నత కోర్టు 2018లో మ్యూజియం పక్షానే తీర్పిచ్చింది. మరుసటి ఏడాదే యూరోపియన్ యూనియన్ కాపీరైట్ ఆదేశం 14వ అధికరణంలో అలాంటి ఫొటోకి కొత్త హక్కు రాదని ఆ తలుపు మూసేసింది. అదే జర్మన్ తీర్పులో మరో సంగతి ఉంది. ఫొటోలు తీయరాదన్న షరతు ఉన్న చోట సందర్శకుడు తీస్తే అది ఒప్పందం తప్పడమే అవుతుంది. ఇది న్యాయమే. ఫ్లాష్ వద్దనడానికీ, ట్రైపాడ్ వద్దనడానికీ మ్యూజియానికి అధికారం ఉంది. అయితే ఆ షరతు లోపలికి వచ్చినవాళ్లకే వర్తిస్తుంది, ఆ ఫొటోని ఇంకెక్కడో చూసి వాడుకున్నవాళ్లని పట్టుకోదు. గేటు దగ్గరి నియమాన్ని లోకానికంతటికీ చట్టంలా చూపించడమే నాకు అభ్యంతరం.

ఇటలీ ఇంకో అడుగు ముందుకేసింది. కాపీరైట్‌ని పక్కనపెట్టి, 2004 నాటి వారసత్వ సంపద చట్టం కింద రుసుము అడుగుతోంది. లియొనార్డో గీసిన విట్రూవియన్ మనిషి బొమ్మతో పజిల్ అమ్మిన రావెన్స్‌బర్గర్ అనే జర్మన్ కంపెనీని 2022లో వెనిస్ కోర్టు ఆపమంది. ఇటలీ చట్టం ఇటలీ దాటి చెల్లదని 2024లో స్టట్‌గార్ట్ కోర్టు అంది. మరోవైపు న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియం 2017లో దాదాపు 3,75,000 చిత్రాలను ఎవరైనా ఎలాగైనా వాడుకోవచ్చని వదిలేసింది.

పోయినవాళ్ల బొమ్మలకి ఇంత కాపలా ఉంటే, బతికున్న కళాకారుల దగ్గర మాత్రం అంతా ధారాళం. బొమ్మ కొన్నవాడు దాన్ని క్యాలెండర్‌గా అచ్చేసుకునే హక్కు కూడా కొన్నాననుకుంటాడు. రాతపూర్వకంగా బదిలీ చేస్తే తప్ప ఆ హక్కు కళాకారుడిదే. సోషల్ మీడియా పోస్టు కింద కళాకారుడి పేరు వేశాం కదా అనేవాళ్లు సరేసరి. పేరు వేయడం మర్యాద, అనుమతి వేరు.

వాషింగ్టన్‌లోని కొరియా యుద్ధ స్మారకంలో 19 మంది సైనికుల స్టీలు విగ్రహాలున్నాయి. మంచు కురిసిన రోజు తీసిన వాటి ఫొటోతో అమెరికా తపాలా శాఖ 37 సెంట్ల స్టాంపు వేసింది. ఫొటోగ్రాఫర్‌కి 1,500 డాలర్లిచ్చి, శిల్పి ఫ్రాంక్ గేలార్డ్‌ని అడగనే లేదు. ఆయన కోర్టుకెక్కాడు. స్మారకం ప్రభుత్వ స్థలంలో ఉన్నా, మంచులో తీసిన ఫొటోకి వేరే అందం ఉన్నా, విగ్రహాల మీద హక్కు ఆయనదేనని 2010లో అప్పీలు కోర్టు తేల్చింది. చివరికి ప్రభుత్వం కట్టాల్సి వచ్చింది దాదాపు 6,85,000 డాలర్లు. ఒక ఫొటోలో ఇద్దరి హక్కులుంటాయన్న చిన్న సంగతి మరిచినందుకు!

అదే విగ్రహాలు మన దేశంలో ఉంటే కేసే ఉండేది కాదు. జనం తిరిగే చోట శాశ్వతంగా నిలిపిన శిల్పాన్ని ఫొటో తీసి ప్రచురించడానికి 1957 కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ అనుమతిస్తుంది. కట్టడాలకీ అంతే. ఆ మినహాయింపులో చిత్రలేఖనం లేదు, అంటే గోడ మీద వేసిన బొమ్మా లేదు. సినిమాకి మాత్రం అదే సెక్షన్‌లో వేరే వెసులుబాటుంది: బహిరంగ స్థలంలో శాశ్వతంగా ఉన్న ఏ కళాకృతినైనా చూపించుకోవచ్చు. కాబట్టి వీధి గోడ మీది బొమ్మ ముందు పాట తీస్తే ఇబ్బంది లేదు. ఆ గోడనే ఫొటో తీసి పోస్ట్‌కార్డు వేసి అమ్మాలంటే బొమ్మ వేసినవాణ్ని వెతికి పట్టుకోవాలి. ఈ తేడాకి కారణం ఏమిటో చట్టంలో ఎక్కడా రాయలేదు.