తప్పు ఖాతాకు పోయిన పైసలు: కొన్ని సవినయ సూచనలు

పైసలు పంపడం ఇప్పుడు చిటికెలో పని. పంపినవి వెనక్కి రప్పించడం మాత్రం పుణ్యకార్యం. పుణ్యం అంత తేలిగ్గా దక్కకూడదనే మన పెద్దలు ఈ ఏర్పాటు చేసి ఉంటారు.

వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి అమ్మిన రైతుకు అడ్తిదారు గుమాస్తా డబ్బు పంపుతున్నాడనుకుందాం. ఖాతా నంబర్‌లో 6 బదులు 9 కొట్టాడు. పేరు మాత్రం ఇంటిపేరుతో సహా ఒత్తు కూడా తప్పకుండా రాశాడు. ఏం లాభం? జమ చేసేటప్పుడు బ్యాంకు ఖాతా నంబర్ చూస్తే చాలు, పేరుతో పని లేదని రిజర్వ్ బ్యాంకు 2010లోనే తేల్చేసింది. మరి ఆ పేరు గడి ఎందుకంటారా? పెండ్లి పత్రికలో ‘సకుటుంబ సపరివార సమేతంగా’ ఎందుకుంటుందో ఇదీ అందుకే. ఒక బ్యాంకు నుంచి ఇంకో బ్యాంకుకు డబ్బు పంపే నెఫ్ట్, ఆర్టీజీఎస్‌లలో పంపేముందు అవతలి ఖాతాదారు పేరు చూపించే సౌకర్యం పెట్టాలని బ్యాంకులకు 2025 ఏప్రిల్ 1 గడువిచ్చారు. పదిహేనేండ్లే కదా, తొందరేముంది!

సరే, గుమాస్తా రైతును వెంటబెట్టుకుని బ్యాంకుకు పోతాడు. పైసలు ఎవరి ఖాతాలో ఉన్నాయో కంప్యూటర్‌కు తెలుసు. కానీ ఆయన ఒప్పుకుంటే తప్ప తీయడానికి లేదు.

“ఆయన ఫోన్ నంబర్ ఇయ్యుండ్రి సార్, మేమే బతిమిలాడుకుంటం.”

“ఇవ్వరాదు. కస్టమర్ వివరాలు గోప్యం.”

ఎంత గొప్ప సూత్రం! పోగొట్టుకున్నవాడికి తప్ప అందరికీ రక్షణ ఉంది. 1930కి ఫోన్ చేద్దామంటే అది సైబర్ మోసాలకు. ఇక్కడ మోసగాడు లేడు, మిర్చి రైతు ఒక్కడే ఉన్నాడు. బ్యాంకు 30 రోజులు పలక్కపోతే బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్ దగ్గరికి పోవచ్చు. అప్పటిదాకా రైతు ఎరువుల దుకాణం ముందు నుంచి తల వంచుకుని నడవాలి.

అసలు తెలివైన పని వేరే ఉంది. యూపీఐలో మీ ఖాతాలో కోత పడి, అవతలివాడికి చేరకుండా మధ్యలో ఇరుక్కుంటే, మరుసటి రోజుకల్లా వాపసు రావాలి. రాకపోతే రోజుకు 100 రూపాయల పరిహారం. 2019 నాటి ఉత్తర్వు ఇది. కాబట్టి రైతన్నలారా, డబ్బు పోగొట్టుకోవాలనుకుంటే సర్వర్ చేతుల మీదుగా పోగొట్టుకోండి. మనిషి చేతుల మీదుగా పోతే గిట్టుబాటు కాదు.

ఇక అప్పనంగా సొమ్ము అందుకున్నాయనకు నా మనవి. తనది కాదని తెలిసి వాడుకుంటే భారతీయ న్యాయ సంహిత 314వ సెక్షన్ ఉందని ఆయన్ను బెదిరించడం మర్యాద కాదు. గుమాస్తా, రైతు, మేనేజర్ కలిసి ఇంటికెళ్లి, బొట్టు పెట్టి బ్యాంకుకు పిలవాలి. అడ్రస్ కూడా గోప్యమే కాబట్టి, ఆ బొట్టు ఎక్కడ పెట్టాలో రిజర్వ్ బ్యాంకు ఒక సర్క్యులర్ ఇస్తే బాగుంటుంది.

ఈలోగా గుమాస్తా ముందు ఒక రూపాయి పంపి, అందిందని రైతు చెప్పాకే మిగతాది పంపితే మేలు. ఆ రూపాయి తప్పు ఖాతాకు పోయినా కంగారు వద్దు. దానికీ అదే దరఖాస్తు, అదే సమ్మతి.